విడిది ఇంటికి కెమెరా ఎక్కడిదాకా?



శ్రీరామనవమి దగ్గర పడిందంటే భద్రాచలంలో గది దొరకదు. ముందు దేవస్థానం సత్రాలు నిండుతాయి. తర్వాత లాడ్జీలు నిండుతాయి. ఆ తర్వాత ఊళ్లో ఇళ్లు నిండుతాయి. ముందు గది మీరు తీసుకోండి, వెనక గదిలో మేం సర్దుకుంటాం అని రెండు రోజులకు ఇల్లిచ్చేవాళ్లు ఉంటారు. ముక్కోటి ఏకాదశికీ ఇదే వరస.

మా మధిరలో రద్దీ వేరు. మాది పెళ్లిళ్ల రద్దీ. మాఘం వచ్చిందంటే, వైశాఖం వచ్చిందంటే, హైదరాబాద్ నుంచి, బెజవాడ నుంచి చుట్టాలు సామాన్లతో రైలు దిగుతారు. అంతమందిని ఎక్కడ దింపాలి? విడిది కావాలి. ఖాళీ ఇళ్లకు మాత్రం మా దగ్గర కొదవ లేదు. పిల్లలు అమెరికాలో ఉంటారు. పెద్దవాళ్లు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. రెండంతస్తుల ఇల్లు, గదికో ఏసీ, గేటుకు తాళం. ఊరికే పాడుపడటం ఎందుకని ఆ ఇంటిని రోజుల లెక్కన ఇస్తున్నారు. పెళ్లివారికి రెండు రోజులు, జమలాపురం వెంకన్న దర్శనానికి వచ్చినవాళ్లకు ఒక రాత్రి. ఇంకోచోట అదే ఇల్లు ఫామ్‌హౌస్ అవుతుంది, అరకులో అయితే హోమ్‌స్టే అవుతుంది. పేరేదైనా పద్ధతి ఒకటే. ఇల్లు ఇక్కడ, యజమాని డాలస్‌లో. మధ్యలో కెమెరా.

ఈ కాసేపూ ఆ కెమెరా గురించే మాట్లాడుకుందాం. అద్దెకిచ్చే ఇంటికి కెమెరా పెట్టొచ్చా? పెట్టొచ్చు. ఎక్కడ పెట్టాలి? ఎక్కడ పెట్టకూడదు? నా మాట ముందే చెప్పేస్తాను. కెమెరా గేటును చూడాలి. గడప దాటి లోపలికి రాకూడదు. పెట్టినదాన్ని దాచకూడదు. ఈ మూడు మాటలూ మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోకండి. రేడియోలో పేజీ వెనక్కి తిప్పే వీలు లేదు కదా.

ముందు ఇంటి యజమాని భయం ఏమిటో విందాం. ఆయన భయం ఉత్తది కాదు. ఇల్లు ఆరుగురికి అని ఇస్తే ఇరవై మంది దిగుతారు. బోరు మోటారు స్టార్టరు మాయమవుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ పోతుంది. గోడకున్న టీవీ అలాగే ఉంటుంది గానీ, రిమోట్ ఉండదు. పరుపు మీద సిగరెట్ కాలిన మచ్చ ఉంటుంది. ఎవరు చేశారంటే, మాకు తెలీదు, మేం వచ్చేటప్పటికే అలా ఉందంటారు. డాలస్‌లో ఉన్న మనిషికి ఇవన్నీ వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్తేనే తెలుస్తాయి. ఆ వాచ్‌మన్ మాట నమ్మాలో లేదో ఇంకో అనుమానం. కాబట్టి ఆయన కెమెరాలు కొంటాడు. నాలుగు కెమెరాల సెట్టు కొంటాడు. అసలు తప్పు ఇక్కడే మొదలవుతుంది. నాలుగు కొన్నాం కదా, నాలుగూ ఎక్కడో ఒకచోట బిగించాలి. ఒకటి గేటుకు, ఒకటి వాకిలికి. మిగతా రెండూ? హాల్లో ఒకటి, డాబా మీద ఒకటి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆయన భయపడే వాటిలో గేటు దాటకుండా జరిగేది ఎంత? ఇరవై మంది వస్తే గేటులోంచే వస్తారు. బ్యాటరీ పోతే గేటులోంచే పోతుంది. ఏ బండి వచ్చింది, నంబరేమిటి, ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు వెళ్లింది, చేతిలో ఏం పట్టుకెళ్లారు, అన్నీ గేటు దగ్గరే తెలుస్తాయి. వెనక గోడ దూకే వీలుంటే అక్కడో కెమెరా, అది కూడా గోడనే చూసేటట్టు. మిగిలింది పరుపు మీద మచ్చ. దానికి కెమెరా అక్కర్లేదు. తాళంచెవి ఇచ్చేముందు మీ మనిషి సెల్‌ఫోన్ పట్టుకుని గదిగదీ తిరిగి ఒక వీడియో తీయాలి. మంచాలు, పరుపులు, గీజరు, కుళాయిలు, అద్దాలు. అది దిగేవాళ్ల ఎదురుగానే తీయాలి. వెళ్లేటప్పుడు మళ్లీ అదే వీడియో. కొంత అడ్వాన్సు ముందే తీసుకోవాలి. ఆధార్ చూసి పేర్లు నోటుబుక్కులో రాసుకోవాలి. ఈ నాలుగు పనులూ చేస్తే హాల్లో కెమెరా చేసేది ఏమీ మిగలదు.

అయినా అడుగుతారు. హాలేగా, బెడ్‌రూమ్ కాదుగా, హాల్లో పెడితే తప్పేమిటండీ అని.

మన ఇళ్లలో హాలు అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? పెళ్లికి వచ్చిన రాత్రి హాల్లో ఎంతమంది పడుకుంటారు? సోఫాలు గోడకు జరిపేస్తారు. జంపఖానాలు పరుస్తారు. ఆ చివర ఆడవాళ్లు, ఈ చివర పిల్లలు. బాలింత ఒక మూల గోడవైపు తిరిగి కూర్చుని బిడ్డకు పాలిస్తుంది. బాత్‌రూమ్ ఖాళీ లేక ఒకావిడ తలుపు దగ్గరకు వేసి, ఇద్దరు పిల్లల్ని కాపలా పెట్టి, ఆ హాల్లోనే చీర మార్చుకుంటుంది. తెల్లారుజామున జడలు వేసుకోవడం, పూలు పెట్టుకోవడం, ఎవరి నగ ఎవరిదో వెతుక్కోవడం అంతా అక్కడే. పగలు అది హాలు. రాత్రి అదే పడకగది. అక్కడ పైన మూలన ఒక కెమెరా, దాని ఎర్రదీపం. ఆ దీపాన్ని పట్టించుకునేవాళ్లు ఎవరు? పెళ్లి సందడిలో అందరూ మర్చిపోతారు. డాలస్‌లో ఫోన్ మాత్రం మర్చిపోదు.

విదేశాల్లో ఈ తర్జనభర్జన చాలా ఏళ్లు నడిచింది. ఎయిర్‌బీఎన్‌బీ అనే కంపెనీ పేరు వినే ఉంటారు. ఇళ్లను రోజుల లెక్కన అద్దెకిప్పించే కంపెనీ, ప్రపంచమంతా ఉంది. వాళ్లు మొదట్లో ఏమన్నారంటే, పడకగదిలో, బాత్‌రూమ్‌లో వద్దు, హాలు లాంటి ఉమ్మడి చోట్ల పెట్టుకోవచ్చు, కాకపోతే ముందు చెప్పండి అన్నారు. అది కుదరలేదు. 2024 మార్చిలో నియమం మార్చారు. ఇంటి లోపల ఏ కెమెరా వద్దు, హాల్లో కూడా వద్దు, ఆపేసి ఉంచినా వద్దు అన్నారు. ఆ ఏడాది ఏప్రిల్ 30 నుంచి అన్ని దేశాల్లోనూ అదే నియమం. బయట పెట్టుకోవచ్చు గానీ, ఎక్కడెక్కడ ఉన్నాయో ఇల్లు బుక్ చేసుకునేముందే చెప్పాలి. బయటైనా స్నానం చేసే మరుగు లాంటి చోట్లను చూడకూడదు.

హాలును గౌరవంగా కూర్చునే గదిలా వాడుకునే దేశాల్లోనే లోపల వద్దన్నారండీ. హాల్లో ఇరవై మంది పడుకునే మన దేశంలో ఏమనాలి?

అందుకే మళ్లీ చెప్తున్నాను. కెమెరా గేటును చూడాలి. గడప దాటి లోపలికి రాకూడదు.

సరే, లోపల వద్దు. బయట ఎక్కడైనా పెట్టుకోవచ్చా? అదీ కాదు. ఇక్కడ విదేశాల నియమం మనకు సరిపోదు. మన ఎండలు వేరు. మే నెలలో మధిరలో కరెంటు పోతే ఇంట్లో ఎవరు పడుకుంటారు? అందరూ డాబా ఎక్కుతారు. కాబట్టి డాబా మన దగ్గర ఎండాకాలం పడకగదే. డాబా మీద నీళ్ల ట్యాంకు ఉంది, సోలార్ పలకలున్నాయి, వాటికోసం కెమెరా పెట్టామంటారు. ట్యాంకును ఎవరూ ఎత్తుకుపోరు. ఇక పెరడు. పెరట్లో స్నానాలుంటాయి, బట్టలు ఉతకడం ఉంటుంది, తడి బట్టలు ఆరేయడం ఉంటుంది. అక్కడా వద్దు.

మన పెరడు సంగతి సరే. పక్కింటి పెరడు?

ఆ మధ్య మా వీధిలో ఒక ఇంటికి కెమెరాలు బిగిస్తుంటే నేను అక్కడే ఉన్నాను. బిగించే కుర్రాడు నిచ్చెన మీద ఉన్నాడు. గేటు పక్క స్తంభానికి కెమెరా పెట్టాడు. కింద ఒకతను ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్‌లో ఇంటి యజమాని, అమెరికా నుంచి.

"తమ్ముడూ, ఇంకొంచెం పైకి తిప్పు. వీధి చివరిదాకా కనపడాలి."

"పైకి తిప్పితే పక్కిల్లు పడుతుందన్నా."

"పడితే పడనీలే, మనకేం."

కుర్రాడు తిప్పాడు. ఫోన్‌లో బొమ్మ వచ్చింది. వీధి చివర వేపచెట్టు కనిపించింది. దానితోపాటు బొమ్మలో కుడిపక్కన ప్రహరీ అవతలి దొడ్డి కనిపించింది. కట్టెల పొయ్యి మీద నీళ్ల కాగు. సిమెంటు గోలెం. దాని పక్కనే మూడువైపులా రేకులు కట్టిన స్నానాల గది. దానికి పైకప్పు లేదు. ఎందుకుంటుంది? నిన్నమొన్నటిదాకా ఆ ఎత్తు నుంచి చూసేది కాకులే. అంత ఎత్తున ఇప్పుడొక కెమెరా వచ్చింది. మనకు తెల్లవారుజాము అయిదంటే వాళ్లకు సాయంత్రం. ఇక్కడ దొడ్లో నీళ్లు కాగే వేళకు అక్కడ మనిషి పని ముగించుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు. ఆయనకు చెడు ఉద్దేశం లేకపోవచ్చు. గేటు చూద్దామనే తెరుస్తాడు. కనిపించేది మాత్రం కనిపిస్తుంది.

ఆ దొడ్డిలోంచి పెద్దమ్మ తల ఎత్తి చూసింది. నిచ్చెన మీదున్న కుర్రాణ్ణి అడిగింది. "ఏం నాయనా, మా దొడ్డి కూడా అమెరికాలో కనపడుద్దా?"

కుర్రాడు తల దించుకున్నాడు. ఫోన్‌లో యజమాని కూడా ఆ మాట విన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కిందకి దించెయ్ తమ్ముడూ" అన్నాడు. కుర్రాడు కెమెరా ముక్కు బెత్తెడు కిందకి దించాడు. వేపచెట్టు పోయింది. దొడ్డి పోయింది. గేటు, గేటు ముందు కల్వర్టు, నాలుగు గజాల రోడ్డు మిగిలాయి. ఆ తర్వాత కుర్రాడు ఇంకో పని చేశాడు. సెట్టింగుల్లోకి వెళ్లి, ప్రహరీ పైభాగం మీద ఒక నల్లటి అట్టముక్కలాంటిది గీశాడు. కెమెరా ఎప్పుడైనా గాలికో కోతి ఊపుకో కాస్త కదిలినా బొమ్మలో ఆ భాగం నల్లగానే ఉంటుందన్నాడు. దాన్ని ప్రైవసీ మాస్క్ అంటారట. చాలా కెమెరాల్లో ఆ ఏర్పాటు ముందే ఉంటుంది. అడిగేవాళ్లే తక్కువ. మీరు కెమెరా బిగించుకుంటుంటే అడగండి. పక్కింటివాళ్లను పిలిచి ఫోన్‌లో ఆ బొమ్మ ఒకసారి చూపించండి. మీ గుమ్మం పడలేదు పిన్నీ, చూడండి అనండి. తర్వాత వచ్చే పెద్ద గొడవ ఆ రెండు నిమిషాలతో పోతుంది.

ఇక చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెప్తాను. ఎవరూ చూడరనుకునే చోట ఒక స్త్రీ స్నానం చేస్తున్నా, బట్టలు మార్చుకుంటున్నా, ఆమెను చాటుగా చూడటం, చిత్రించడం నేరం. 2013లో నిర్భయ ఘటన తర్వాత చేసిన సవరణతో ఇది మన శిక్షాస్మృతిలోకి వచ్చింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. మొదటిసారి దోషిగా తేలితే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. మళ్లీ చేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్లు. ఐటీ చట్టంలో 66ఈ అని ఇంకో సెక్షన్ ఉంది. అందులో ఆడా మగా తేడా లేదు. ఎవరి రహస్యాంగాలనైనా వాళ్ల మరుగుకు భంగం కలిగేలా, అనుమతి లేకుండా చిత్రిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

వీటన్నిటికీ పైన సుప్రీంకోర్టు మాట ఒకటుంది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామి గారు ఆధార్ మీద వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా తీర్పిచ్చారు. మనిషికి తన మరుగు తనకుండటం ప్రాథమిక హక్కు అని. రెండు రోజులకు అద్దెకు దిగినంత మాత్రాన ఆ హక్కు గేటు బయట వదిలి రావాల్సిన పని లేదు. డబ్బిచ్చి తీసుకున్న ఆ రెండు రోజులూ ఆ ఇల్లు దిగినవాళ్లదే.

ఇంకో మాట కూడా తరచుగా వినిపిస్తుంది. కెమెరాలు పెట్టమని పోలీసులే చెప్తున్నారు కదండీ అని. నిజమే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రజా భద్రతా చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, ఆస్పత్రులు, గుళ్ల లాంటి చోట్ల కెమెరాలు ఉండాలని, రికార్డు 30 రోజులు దాచాలని అది చెప్పింది. నేను సైతం అనే పేరుతో పోలీసులు కాలనీలవాళ్లతో, ఊరివాళ్లతో చందాలు వేయించి కూడళ్లలో కెమెరాలు పెట్టించారు. వాటివల్ల దొంగలు దొరికారు. అవన్నీ రోడ్డును చూసే కెమెరాలు, జనం రాకపోకలను చూసే కెమెరాలు. వీధిలో కెమెరా మంచిది కాబట్టి హాల్లోనూ మంచిదే అంటే, అది లెక్క కాదు.

ఇప్పుడు భయం గురించి మాట్లాడాలి. ఇది యజమాని భయం కాదు. దిగేవాళ్ల భయం.

2024లో శంషాబాద్‌లో ఒక లాడ్జి కథ బయటపడింది. గదుల్లో రహస్యంగా కెమెరాలు పెట్టి, దిగిన జంటలను చిత్రించి, తర్వాత వాళ్లను బెదిరించి డబ్బు గుంజుతున్నాడని నిర్వాహకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. విమానాశ్రయం పక్కన. అదే ఏడాది ఆగస్టులో, కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో కెమెరాలు పెట్టారన్న మాట పాకింది. పిల్లలు రాత్రికి రాత్రి బయటికి వచ్చి ఆందోళన చేశారు. పోలీసులు వెతికారు. కెమెరాలేవీ దొరకలేదని చెప్పారు. చూడండి, ఒకచోట కెమెరా ఉంది, ఎవరికీ తెలియలేదు. ఇంకోచోట కెమెరా దొరకలేదు, అయినా రాత్రంతా పిల్లలకు నిద్ర లేదు. ఆ భయం ఊహ అని కొట్టిపారేయడానికి లేదు. ఇల్లు అద్దెకు దిగే ప్రతి కుటుంబమూ ఇప్పుడు ఆ భయంతోనే దిగుతోంది. బాత్‌రూమ్‌లో వేడినీళ్లు వస్తున్నాయా అని చూసేముందు పైన మూలల్లోకి చూస్తున్నారు.

కాబట్టి మంచి యజమాని చేయాల్సింది ఏమిటి? దాచకుండా చెప్పాలి. ఇది మూడో మాట. గేటు మీద బోర్డు రాయించండి. ఇక్కడ సీసీ కెమెరాలు ఉన్నాయి అని రాసి ఊరుకుంటే అది భయపెట్టడం అవుతుంది. ఇలా రాయించండి. "గేటు దగ్గర ఒక కెమెరా, ముందు తలుపు బయట ఒక కెమెరా ఉన్నాయి. ఇంటి లోపల, డాబా మీద, పెరట్లో కెమెరాలు లేవు." ఈ రెండో వాక్యమే ముఖ్యం. లేనిచోటు కూడా చెప్పాలి. అదే మాట ఇల్లు మాట్లాడుకునేటప్పుడు ఫోన్‌లో కూడా చెప్పండి. బేరం కుదిరి, డబ్బు చేతులు మారి, పెళ్లివారు సామాను దింపాక చెప్పడం కాదు. వద్దనుకునేవాళ్లకు వద్దనే వీలుండాలి.

మాటల రికార్డింగు సంగతి కూడా. చాలా వైఫై కెమెరాల్లో మైకు ఉంటుంది. గుమ్మం బయట పెట్టిన కెమెరా కూడా వసారాలో కూర్చున్నవాళ్ల మాటలు పట్టుకుంటుంది. పెళ్లివారు వసారాలో ఏం మాట్లాడుకుంటారో మనకు తెలియనిదా! కట్నాల లెక్కలు, వియ్యాలవారి మీద విసుర్లు. అవి ఎవరూ వినకూడనివి. మైకు ఆపేయండి. దొంగను పట్టుకోవడానికి బొమ్మ చాలు.

కొందరు బల్బు కెమెరా కొంటున్నారు. హోల్డర్‌కు బిగిస్తే బల్బులాగే వెలుగుతుంది, లోపల కెమెరా ఉంటుంది. అగ్గువకు దొరుకుతోంది. నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. అద్దెకిచ్చే ఇంట్లో బల్బులా కనపడే కెమెరా, గడియారంలా కనపడే కెమెరా, ఛార్జర్‌లా కనపడే కెమెరా వద్దే వద్దు. గుమ్మం బయట కూడా వద్దు. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, ఒకరోజు అది బయటపడితే మీ మాట ఎవరూ నమ్మరు. కెమెరా కెమెరాలాగే కనపడాలి.

ఇక యజమాని మంచివాడే, కెమెరా సరైన చోటే ఉంది. అప్పుడైనా నిశ్చింతేనా? పూర్తిగా కాదు. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి. గర్భిణులను పరీక్షించే గదిలో కెమెరా ఉంది. ఆ దృశ్యాలను ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారని 2025 ఫిబ్రవరిలో బయటపడింది. బయటివాళ్లు ఎక్కడో కూర్చుని కెమెరా వ్యవస్థలోకి చొరబడ్డారు. అసలు ఆ గదిలో కెమెరా ఎందుకన్న ప్రశ్న ఒకటైతే, దాని తాళం అంత తేలిగ్గా ఎలా ఊడిందన్నది ఇంకో ప్రశ్న. చాలా కెమెరాలకు కొన్నప్పుడే డబ్బాతోపాటు ఒక పాస్‌వర్డ్ వస్తుంది. ఒకటి రెండు మూడు నాలుగు, లేదా అడ్మిన్ అని. చాలామంది దాన్ని మార్చరు. మార్చకపోతే ప్రపంచంలో ఎవరికైనా ఆ తలుపు తీసే ఉన్నట్టు. బిగించే కుర్రాడు వెళ్లేముందు అతని ఎదుటే కాదు, అతను వెళ్లాక మీరే మార్చండి. మీ పెళ్లిరోజు, మీ ఫోన్ నంబరు పెట్టకండి. కొత్తగా కొనేవాళ్లు ఇంకో విషయం చూసుకోండి. సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్రం నియమం తెచ్చింది. 2025 ఏప్రిల్ 9 నుంచి అది అమల్లో ఉంది. ఆ పరీక్షలు నెగ్గినట్టు ఎస్‌టీక్యూసీ ధ్రువీకరణ ఉందా అని దుకాణంలో అడగండి. పేరులేని డబ్బా చవగ్గా వస్తుందని తెచ్చుకోకండి.

ఇంకో చిక్కు. కెమెరా బొమ్మ యజమాని ఫోన్‌లో ఉంది, సరే. వాచ్‌మన్ ఫోన్‌లో కూడా పెట్టారు. బావమరిది ఫోన్‌లో పెట్టారు. బిగించిన కుర్రాడి ఫోన్‌లో ఎలాగూ ఉంది, మరమ్మతు వస్తే చూస్తాడని. ఇలా ఒక ఇంటి గేటును ఎంతమంది చూస్తున్నారు? ఎవరికి ఇచ్చారో రాసుకోండి. అక్కర్లేనివాళ్లను తీసేయండి. వాచ్‌మన్ మానేసిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. తాళంచెవి వెనక్కి తీసుకుంటాం కదా, ఇదీ తీసుకోవాలి.

మా వైపు కెమెరాకు ఉండే కష్టాలు కూడా చెప్పుకోవాలి, లేకపోతే కథ సగమే. రాత్రిపూట కెమెరా చుట్టూ కంటికి కనపడని ఒక వెలుగు వస్తుంది. దానికి పురుగులు మూగుతాయి. పురుగుల కోసం సాలీడు అక్కడే గూడు కడుతుంది. ఇంకేముంది, రాత్రంతా ఫోన్‌లో తెల్లటి దారాలు ఊగుతుంటాయి. గేటు కనపడదు. పురుగుల్ని మింగడానికి బల్లి వస్తుంది. అద్దం మీద బల్లి పాకితే ఫోన్ గంట కొడుతుంది, ఎవరో వచ్చారని. డాలస్‌లో ఆయన అదిరిపడి ఇక్కడ వాచ్‌మన్‌ను లేపుతాడు. రెండు వారాలకోసారి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. అది చేసేవాళ్లుండరు.

కరెంటు మరో తంటా. పోయి వచ్చిన ప్రతిసారీ కొన్ని రికార్డర్లలో గడియారం తప్పుతుంది. లోపల ఒక చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. దొంగతనం జరిగింది నిన్న రాత్రి. తెర మీద తేదీ 2000 జనవరి 1. ఆ రికార్డు తీసుకుని స్టేషన్‌కు వెళ్తే ఏమంటారు? ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డును కోర్టులో పెట్టాలంటే దానికి ధ్రువపత్రం కూడా జతచేయాలి. తేదీయే తప్పయితే అంతా మొదటికొస్తుంది. వారానికోసారి తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి. ఇంకొకటి, రికార్డు శాశ్వతం కాదు. డిస్కు నిండగానే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. ఏదైనా జరిగితే ఆ రోజే కావాల్సిన భాగం విడిగా దాచుకోండి. పండగయ్యాక చూద్దాంలే అంటే అప్పటికి ఉండదు.

చివరగా, విడిదిలో దిగేవాళ్లకు నాలుగు మాటలు. అడగడానికి మొహమాట పడకండి. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే అడగండి, కెమెరాలు ఎక్కడున్నాయండీ అని. నిజాయితీగల మనిషి నొచ్చుకోడు. దిగాక ఆడవాళ్లు స్నానానికి వెళ్లేముందు పెద్దవాళ్లు ఒకరు గదులు చూడండి. మంచానికి, బాత్‌రూమ్‌కు ఎదురుగా ఉన్నవి చూడండి. గడియారం, పొగ పసిగట్టే బిళ్ల, ప్లగ్గుకు వదిలేసిన ఛార్జర్, వింతగా ఉన్న బల్బు. లైట్లు ఆర్పేసి టార్చి వేయండి. కెమెరా అద్దం ఉంటే చుక్కలా తళుక్కుమంటుంది.

ఫోన్‌తో ఇంకో పద్ధతి ఉంది, ఇవాళ రాత్రి ఇంట్లోనే చేసి చూడండి. టీవీ రిమోట్ తీసుకోండి. దాని ముందుభాగంలోని చిన్న బుడ్డిని ఫోన్ కెమెరాకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కండి. కంటికి ఏమీ కనపడదు గానీ, ఫోన్‌లో తెల్లగానో ఊదాగానో ఒక వెలుగు కనపడవచ్చు. వెనక కెమెరాలో కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. రాత్రిపూట చూసే కెమెరాల దగ్గర కూడా చీకట్లో అలాంటి వెలుగే చాలాసార్లు ఫోన్‌కు చిక్కుతుంది. కనపడలేదంటే కెమెరా లేదని మాత్రం అనుకోకండి. టార్చి వెతుకులాట మానకండి.

దొరికిందే అనుకోండి. పీకకండి. తిట్టుకుంటూ యజమానికి ఫోన్ చేయకండి. చేస్తే మీరు గదిలోంచి బయటికొచ్చేలోపు అది మాయమవుతుంది. ఉన్నది ఉన్నట్టు మీ ఫోన్‌లో ఫొటో, వీడియో తీయండి. దాని మీద ఒక తువ్వాలు కప్పండి. ఆడవాళ్లను, పిల్లలను అక్కణ్ణించి బయటికి పంపండి. 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. ఆడవాళ్ల రక్షణకున్న పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పినా సరే. పెళ్లింట్లో గొడవెందుకని మింగేయకండి. మీ తర్వాత వారం అదే ఇంట్లో ఇంకో పెళ్లివారు దిగుతారు.

యజమానులకు మిగిలిన ఒక్క పని. మీరు ఏ దేశంలో ఉన్నా, గేటు బోర్డు మీద కెమెరాల సంగతి రాశాక కింద ఊళ్లో ఉండే మీ మనిషి ఫోన్ నంబరు కూడా రాయించండి. అర్ధరాత్రి ఫ్యూజు పోతే, నీళ్లు ఆగిపోతే, పిలిస్తే పలికే మనిషి నంబరు. అమెరికా నంబరు కాదు.